గింజ ఒకటే.. నీళ్లు రెండు.. కేసు మాత్రం ఒకటే!

ఫిల్టర్ కాఫీ తాగే ఇంట్లో రెండో డికాక్షన్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మొదట దిగింది చిక్కగా, నల్లగా ఉంటుంది. చుట్టాలొస్తే అదే తీస్తారు. అదే పొడి మీద ఇంకోసారి వేన్నీళ్లు పోస్తే పలచటిది దిగుతుంది. సాయంత్రం ఇంట్లోవాళ్లకి దాంతోనే సరిపెడతారు. పులుసుకి చింతపండు పిసికినా, కూరకి కొబ్బరిపాలు తీసినా ఇదే పద్ధతి. మొదటి పాలు వేరు, రెండో పాలు వేరు. ఏది ఎప్పుడు వాడాలో వంటింటికి తెలుసు. ఒక్కసారి పిండి పిప్పి పారేస్తే సంసారం తెలియని మనిషంటారు.

గింజ నుంచి తీసే పానీయానికీ ఇదే లెక్క. ఒకే గింజ మీద మొదటి నీళ్లకి చిక్కటిది, రెండో నీళ్లకి పలచటిది వస్తుంది. లండన్ బ్రూవరీల్లో వందల ఏళ్లు జరిగింది ఇదే. సిక్కిం కొండల్లో ఇప్పటికీ జరుగుతున్నదీ ఇదే. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు సంతల్లో కుండలు ముందు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు చేసేదీ దాదాపు ఇదే. తాగేవాడికి చిక్కటిదేదో పలచటిదేదో తెలుసు. అమ్మే ఆవిడకీ తెలుసు. తెలియనిదల్లా ఎక్సైజ్ చట్టానికే.

ఇది చిన్న విషయం కాదు. దాడి జరిగిన రోజున చిక్కటి కుండా, పలచటి కుండా, పక్కన ఎవరో దాచిన సారా క్యానూ ఒకే గుంటలో పోస్తారు. మూడింటికీ 'నాటు' అనే ఒకే పేరు. మర్నాడు కేసు రాసేటప్పుడు కూడా బలమెంత అన్న ప్రశ్న రాదు. లీటర్లెన్ని అన్నదే లెక్క. గింజను రెండుసార్లు కడిగి పలచటిది ఎక్కువ చేసిన మనిషే ఈ లెక్కలో ఎక్కువ నేరస్తురాలు అవుతోంది! పలచటి పానీయానికి చట్టంలో వేరే చోటు ఇవ్వకపోతే చివరికి మిగిలేది సారాయే. సరిహద్దు జిల్లాల్లో ఇవాళ జరుగుతున్న నష్టం అదే.

లండన్ లెక్క ఏమిటి?

ముందు బార్లీ బీరు సంగతి చూద్దాం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడి మీద ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మొలక వచ్చేటప్పుడు గింజలో కొన్ని ఎంజైములు పుడతాయి. మాల్ట్‌ని బరకగా విసిరి, 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే ఆ ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. దీన్నే మాష్ అంటారు. అడుగు నుంచి వడకడితే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే కొన్నాళ్లకి బీరు తయారు.

అయితే మొదటి రసంతో గింజలోని తీపి మొత్తం దిగిపోదు. పొట్టుకి అంటుకుని చాలానే మిగులుతుంది. అందుకే మళ్లీ వేడి నీళ్లు పోసి రెండో రసం తీస్తారు. ఇళ్లలో బీరు కాచుకునేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది. మొత్తం దిగే రసంలో మొదటి మూడో వంతుతోనే సగం తీపి వచ్చేస్తుంది. మిగతా సగం తీపి తర్వాతి రెండు వంతుల్లో సర్దుకుంటుంది. రసాన్ని ఇలా విడదీసి వేర్వేరుగా పులియబెడితే ఒక వంతు చిక్కటి బీరు, దాని బలంలో సగం ఉండే పలచటి బీరు రెండు వంతులు వస్తాయి. అదే సగం సగం పంచుకుంటే, చేయి తిరిగిన మనిషి 5 కిలోల మాల్ట్ నుంచి 8 శాతం ఆల్కహాల్ ఉండే బీరు సుమారు 10 లీటర్లు, 3 శాతం దగ్గర ఉండేది ఇంకో 10 లీటర్లు తీయగలడు. గింజ ఒకటే, పొయ్యి ఒకటే, పూట ఒకటే. వచ్చేవి రెండు రకాల బీర్లు.

ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని పార్టీ-గైల్ అన్నారు. మొదటి రసంతో చేసిన స్ట్రాంగ్ ఏల్ పండగలకి, దొరల బల్లల మీదికి. రెండో రసం, మూడో రసంతో చేసింది స్మాల్ బీరు. పనివాళ్లు, నౌకర్లు రోజూ భోజనంతో తాగింది ఇదే. లండన్‌లోని ఫుల్లర్స్ బ్రూవరీ ఈ పద్ధతిని మన కాలం దాకా నిలబెట్టింది. ఒకే విడత కాచిన రసాల్ని వేర్వేరు పాళ్లలో కలిపి లండన్ ప్రైడ్, ఈఎస్‌బీ లాంటి వేర్వేరు బలాల బీర్లు తీసింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ కూడా ఓల్డ్ ఫాగ్‌హార్న్ అనే చిక్కటి బీరు తీశాక, మిగిలిన గింజ మీద నీళ్లు పోసి స్మాల్ బీర్ పేరుతోనే పలచటిది అమ్మేది. ఆ బ్రూవరీ 2023లో మూతపడింది.

ఇక్కడ గమనించాల్సింది రుచి గురించి కాదు, పన్ను గురించి. ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దంలో బీరు మీద ఎక్సైజ్ పన్ను పెట్టిన కొత్తల్లోనే స్ట్రాంగ్ బీరుకి ఒక రేటు, స్మాల్ బీరుకి తక్కువ రేటు పెట్టారు. పలచటిదాని పన్ను కట్టి, తర్వాత చిక్కటిది కలిపేసి అమ్మితే అది మోసం. 1880లో పద్ధతి మార్చి, పులియబెట్టక ముందే రసంలో తీపి ఎంతుందో కొలిచి పన్ను వేశారు. 2023 ఆగస్టు నుంచి అక్కడ మద్యం అన్నిటికీ ఆల్కహాల్ శాతాన్ని బట్టే పన్ను. మూడున్నర శతాబ్దాల కిందటే అక్కడి పన్ను అధికారికి చిక్కన, పలచన తేడా తెలిసింది. వాళ్ల దగ్గరే ఎక్సైజ్ చట్టాలు నేర్చుకున్న మనకు ఆ ఒక్క పాఠం మాత్రం అబ్బలేదు.

చోళ్ల నుంచి లందా దాకా..

ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు, తెలంగాణలో తైదలు, మిగతా చోట్ల రాగులు. ఒడియాలో మండియా. పేర్లు ఎన్ని ఉన్నా గింజ ఒక్కటే. చిరుధాన్యాల్లో మొలకెత్తించి మాల్ట్ చేయడానికి బాగా పనికొచ్చేది ఇదే. చంటిపిల్లలకి రాగి మాల్ట్ కాచి పోసే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు. మొలకెత్తిన రాగుల పిండి వేసిన జావ తొందరగా పలచబడుతుంది, కొంచెం తియ్యబడుతుంది. ఎంజైములు చేసే పనే అది. పిల్లాడి జావకైనా బీరుకైనా గింజలో జరిగే మార్పు మొదట ఒక్కటే. దారులు తర్వాత విడిపోతాయి.

కోరాపుట్ కొండల్లో, ఇటు ఆంధ్ర మన్యంలో కొన్ని చోట్ల రాగి పిండితో కాచే పులిసిన పానీయాన్ని లందా అంటారు. బియ్యంతో చేసేది హండియా. అన్నం వండి, చాప మీద ఆరబోసి, అడవి వేర్లూ ఆకులూ దంచి చేసిన రాను అనే బిళ్లల పొడి కలిపి, కుండకెత్తుతారు. ఎండాకాలంలో తొందరగా, చలికాలంలో ఇంకొన్ని రోజులకి పులుస్తుంది. అప్పుడు కుండలో ఊరిన చిక్కటి రసం మొదటిది. ఒడిశా ఉత్తరాన, జార్ఖండ్‌లో దాన్ని రసి అంటారు. నీళ్లు పోసి అన్నాన్ని పిసికి వడకడితే వచ్చేది పలచటి హండియా. జనం ఎక్కువగా తాగేది ఈ పలచటిదే.

బార్లీ బీరుకీ దీనికీ ఒక తేడా ఉన్న మాట నిజం. అక్కడ రసాన్ని ముందే రెండుగా విడదీసి ఆ తర్వాత పులియబెడతారు. ఇక్కడ ముందు పులియబెట్టి, తర్వాత నీళ్లు పోస్తారు. అయినా సూత్రం మారలేదు. ఒకే గింజను రెండుసార్లు కడగడమే.

సిక్కిం, డార్జిలింగ్ వైపు తోంగ్బా అనే పానీయం ఉంది. అదీ రాగులతోనే. పులిసిన గింజను వెదురు గొట్టంలో పోసి, పైన వేడి నీళ్లు పోసి, సన్నటి పుల్లగొట్టంతో పీలుస్తారు. అయిపోతే మళ్లీ వేడి నీళ్లు పోస్తారు. విడత విడతకీ పలచబడుతూ వస్తుంది. పర్యాటకులు దాని ముందు ఫొటోలు దిగుతారు. మన సంతలో అదే గింజతో అదే పని చేసిన ఆవిడ మాత్రం జీపు చప్పుడు వింటే కుండ ఎత్తుకుని చెట్ల వెనక్కి పోవాలి!

తెలుగు ఇళ్లకు ఈ పులుపు కొత్తదీ కాదు. తరవాణి కుండ లేని ఇల్లు ఒకప్పుడు లేదు. గంజిని పులియబెట్టి, తీసినకొద్దీ మళ్లీ పోసి, ఆ తేటతోనే చద్దన్నం తిని పొలానికి పోయారు. కొండ మీద మనిషి పలచటి హండియా తాగి నాట్లకి పోవడానికీ, మైదానంలో మనిషి తరవాణి తాగి కలుపుకి పోవడానికీ మధ్య ఉన్న దూరం చాలామంది అనుకునేంత పెద్దది కాదు. ఒకదాంట్లో మత్తు ఎక్కువ, ఒకదాంట్లో లేనట్టే. రెండిట్లోనూ గింజ ఉంది, పులుపు ఉంది, కడుపుకి పట్టే బలం కొంత ఉంది. ఇక వడకట్టాక మిగిలిన పిప్పి ఎక్కడికీ పోదు. కోళ్లకో పందులకో పశువులకో వేస్తారు. బెంగళూరు బ్రూవరీల్లో మిగిలిన బార్లీ పిప్పి పాడి పశువుల దాణాగా పోతున్నట్టే.

హద్దు దాటితే చట్టం మారుతుంది

మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. కాబట్టి ఎవరి చట్టం వాళ్లదే. దీని ఫలితం సరిహద్దులో ఉన్నవాళ్లకి తెలిసినంతగా రాజధానుల్లో ఉన్నవాళ్లకి తెలియదు.

కోరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మద్రాసుది 1886 నాటి అబ్కారీ చట్టం. బిహార్, ఒడిశాలది 1915 నాటి ఎక్సైజ్ చట్టం. ఆ 1915 చట్టంలో ఒక మాట ఉంది.. పచ్వాయ్. పులిసిన బియ్యం గానీ చిరుధాన్యం గానీ మరే గింజ గానీ, దాన్నుంచి తీసిన ద్రవం గానీ పచ్వాయ్ అని దాని నిర్వచనం. నీళ్లు కలిపినా, కలపకపోయినా అదే పేరన్నారు. అంటే తెల్లదొర గింజ పానీయాన్ని సారా నుంచి వేరు చేసి చూశాడు. కుండలో చిక్కటిది, పలచటిది రెండున్నాయనీ చూశాడు. చూసి కూడా రెండింటినీ ఒకే గాటన కట్టేశాడు. ఆ చట్టం స్థానంలో ఒడిశా సొంత ఎక్సైజ్ చట్టం 2017లో అమల్లోకి వచ్చింది. పలచటిదాన్ని విడిగా చూసే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు చుట్టూ చూడండి. సాలూరు కొండల మీద కొటియా గ్రూపు గ్రామాలు ఏ రాష్ట్రానివన్న గొడవ దశాబ్దాలుగా తెగలేదు. అక్కడి కుండ మీద ఏ రాష్ట్రం కేసు పెట్టాలన్నది ఎవరు చెప్పాలి? మహారాష్ట్రలో సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం. ప్రాణహిత, గోదావరి దాటి ఇవతలికొస్తే తెలంగాణలో బ్రాందీ షాపులు. తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషిద్ధం. కానీ టాస్మాక్ షాపులో ప్రభుత్వమే విస్కీ అమ్ముతుంది. కర్ణాటకలో 2007 జులైలో సారా ఆపేశారు. యానాంలో మందు చవక కాబట్టి పక్క జిల్లాల నుంచి జనం అటు నడుస్తారు. ఇన్ని చట్టాలూ దుకాణం గురించి, లైసెన్సు గురించి, ఆదాయం గురించి మాట్లాడతాయి. లోపల ఉన్నదాని బలం గురించి మాట్లాడేది తక్కువ.

షాపులో అమ్మే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా పోతుంది. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి అది సరుకు. అందులో సగం బలం కూడా లేని రెండో నీళ్ల కుండ మీద ముద్ర లేదు కాబట్టి అది నేరం!

తాటిచెట్టు కింద పాలు

ఈ గందరగోళంలో మన భాషకీ భాగం ఉంది. తెలుగులో 'మందు' అంటే అన్నీ అందులోకి వస్తాయి. 'నాటు' అంటే ఊళ్లో చేసిందల్లా వస్తుంది. పులియబెట్టింది వేరు, బట్టీ పెట్టి దించింది వేరు అన్న తేడా మాటల్లోనే పోయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఊరికే పుట్టలేదు.

లందా, హండియా పులియబెట్టినవి. పులియబెట్టడంలో ఈస్ట్ తన హద్దు తనే పెట్టుకుంటుంది. ఆల్కహాల్ ఒక స్థాయి దాటితే అది బతకలేదు. కాబట్టి కుండలో ఎంత ఉంచినా సారా బలం రాదు. సారా అలా కాదు. నల్లబెల్లం, పటిక వేసి ఊరబెట్టి, ఆ ఊటను మరిగించి, ఆవిరిని చల్లార్చి దించుతారు. దాని బలానికి కుండ హద్దు లేదు. దానికి కావాల్సిన నల్లబెల్లం కొండ మీద పండదు. మైదానం నుంచి లారీల్లో, ఆటోల్లో ఎక్కుతుంది. ఎక్కించేవాళ్లలో తెలుగు మాట్లాడే వ్యాపారులూ ఉన్నారన్నది సరిహద్దు ఊళ్లలో అందరికీ తెలిసిన రహస్యమే. కుండ పగలగొట్టించినంత తేలిక కాదు బెల్లం లారీ ఆపించడం. చర్చ ఎప్పుడూ కుండ దగ్గరే మొదలై కుండ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదేనేమో కొంచెం ఆలోచించాలి.

పలచటిది పోతే..

పలచటి పానీయానికి మూడు బలహీనతలున్నాయి. బరువు ఎక్కువ. వాసన దాగదు. రెండు మూడు రోజులు దాటితే పుల్లబడి పాడవుతుంది. కాబట్టి దాన్ని దొంగతనంగా దూరం మోసుకెళ్లి అమ్మలేరు. సారా అయితే చిన్న క్యానులో పడుతుంది, నెలలు నిలవుంటుంది, సంచిలో దాక్కుంటుంది. దాడులు పెరిగితే ముందు పోయేది ఏది? దాక్కోలేనిది. నిలబడేది ఏది? దాక్కోగలిగింది. తాగే అలవాటు ఉన్న మనిషి ఆ సాయంత్రం మానేసి ఇంటికి పోడు, దొరికింది తాగుతాడు.

అమెరికాలో ఇదే జరిగింది. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్య నిషేధం. బీరు తాగే జనం చాలామంది ఆ కాలంలో ఘాటు సారాల వైపు మళ్లారు. మోసేవాడికి బీరు పీపా కంటే సారా సీసా గిట్టుబాటు. నిషేధం ఎత్తేశాక కూడా ఇంట్లో బీరు కాచుకోవడం చాలా ఏళ్లు నేరంగానే ఉండిపోయింది. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అది మారింది. ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అంటే సుమారు 378, 757 లీటర్లు. అమ్మడానికి వీల్లేదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. దాక్కుని చేసే పని కాకుండా పోయాకే ఇళ్లలో బీరు కాచేవాళ్లు రాతకోతలు పెట్టుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు. ఒక్క మాష్ నుంచి రెండు బీర్లు తీసే పాత పద్ధతి మళ్లీ వంటగదుల్లోకి రావడానికీ అదే దారి వేసింది.

ప్రాణాలు పోయేది ఎక్కడో కూడా చూడాలి. 1992లో కటక్‌లో కల్తీ సారాకి 200 మందికి పైగా చచ్చిపోయారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కల్లకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. అక్కడ చంపింది మిథనాల్, ఫ్యాక్టరీల్లో వాడే విషం. బియ్యమో రాగులో కుండలో పులిస్తే ప్రాణం తీసేంత మిథనాల్ పుట్టదు. అది బయటి నుంచి తెచ్చి కలిపేది. ప్రతి దుర్ఘటన తర్వాతా జరిగే దాడుల్లో మాత్రం పగిలే కుండల్లో గింజ కుండలూ ఉంటాయి.

ఆడవాళ్ల మాట వినాల్సిందే

దీనికి ఎదురు వాదన బలమైనదే. దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం న్యాయం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1992లో రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995లో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో సడలింది. కూలి డబ్బు సాయంత్రానికి ఆవిరైపోవడం, ఇంటికొచ్చి కొట్టడం, పిల్లలు పస్తుండటం.. ఇవి చూసిన ఆడవాళ్లకి చిక్కన, పలచన అని లెక్కలు చెబితే నవ్వుతారు. 'ఏదైతేనేం, తాగొచ్చేది మావోడే గదా' అంటారు. ఆ మాటకి జవాబు ఉండాలి.

పలచటిదైనా అమృతం కాదు. ఎంత తక్కువైనా ఆల్కహాల్ ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. గర్భిణులకి, పిల్లలకి అసలే పనికిరాదు. 'మా ఆచారం' అన్న పేరుతో పసిపిల్లల నోట్లో పోయడాన్ని ఎవరూ సమర్థించకూడదు. సంతలో గిరాకీ కోసం మత్తు పెంచే రసాయనాలు కలిపితే అది ఇక ఇంటి పానీయం కాదు, కల్తీయే.

అయినా ఒక తేడా మిగులుతుంది. సారా వ్యాపారంలో లాభం ఊరు దాటిపోతుంది. ఇంటి కుండ చేసేది ఎక్కువగా ఆడమనిషే. గింజ ఆవిడదే, కట్టెలు ఆవిడవే, సంతలో అమ్మిన నాలుగు డబ్బులూ ఉప్పుకీ నూనెకీ పిల్లల పుస్తకాలకీ పోతాయి. కేసు పడ్డ రోజున లాయరు ఖర్చు, తిరుగుడు కూడా ఆవిడ మీదే పడతాయి. సారాను వద్దన్న ఆడవాళ్లూ, లందా కాచే ఆడవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు. కొన్నిసార్లు ఒకే ఇంట్లో ఉన్నారు. వాళ్ల మధ్య తీర్పు జీపులో వచ్చిన కానిస్టేబుల్ చెప్పేది కాదు. వాళ్లే కూర్చుని తేల్చుకోవాల్సింది.

దానికి చట్టం దారి ఎప్పుడో వేసింది. గిరిజన ప్రాంతాల్లో మద్యం దుకాణాలు తీసేసి, గిరిజనులు సంప్రదాయ పానీయాలు ఇంటి వాడకానికి కాచుకునేందుకు వీలివ్వాలని కేంద్రం 1970ల్లోనే రాష్ట్రాలకు చెప్పింది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించడమో, నియంత్రించడమో, పరిమితం చేయడమో చేసే అధికారాన్ని గ్రామసభలకి, పంచాయతీలకి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వచ్చాయి. కాగితం మీద అధికారం ఉంది. సంతలో మాత్రం జీపుదే మాట.

పట్నంలో లైసెన్సు, కొండ మీద కేసు

బెంగళూరులో 2010 తర్వాత మైక్రో బ్రూవరీలు వచ్చాయి. రాగి తొట్లు అద్దాల వెనక మెరుస్తుంటే, అక్కడే కాచిన బీరు అక్కడే తాగొచ్చు. వెళ్లేవాళ్లలో తెలుగు కుర్రాళ్లు తక్కువేం కాదు. పుణె వైపు చిరుధాన్యాలతో బీరు కాచి, అదే గొప్పగా చెప్పుకుని అమ్మే బ్రూవరీలూ ఉన్నాయి. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. ఒడిశా 2017 నుంచే గిరిజన ప్రాంతాల్లో రాగుల సాగుకి ప్రత్యేక పథకం నడిపింది. 2025-26 సీజన్‌కి కేంద్రం రాగులకి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు. గింజకి ఇంత మర్యాద వచ్చింది, మంచిదే. ఆ గింజను తరతరాలు కాపాడి, దాంతో ఏమేం చేయొచ్చో తెలుసుకున్న మనిషికి మాత్రం ఆ మర్యాద అందలేదు. లక్షలు పెట్టి లైసెన్సు కొన్నవాడిది కళ. కుండ పెట్టుకున్న ఆవిడది నేరం.

వేరే దారి చూపిన రాష్ట్రాలు లేకపోలేదు. అస్సాంలో దిమాసా తెగవాళ్లు బియ్యంతో చేసే జుదిమాకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండలో పులిసిన గింజ పానీయానికి ప్రభుత్వ కాగితం మీద గౌరవమైన పేరు దక్కొచ్చని అది రుజువు చేసింది. లందాకీ హండియాకీ అది ఎందుకు దక్కకూడదు?

అలాగని వెంటనే సీసాల్లో పోసి అమ్మమని కాదు. సీసాలోకెక్కితే అదీ ఎవరో కాంట్రాక్టరు చేతిలోకే పోతుంది. ముందు జరగాల్సినవి చిన్నవే. పులియబెట్టిన గింజ పానీయాన్ని బట్టీ సారా నుంచి చట్టంలో విడదీయాలి. కేసు రాసేటప్పుడు లీటర్లతో పాటు బలం కొలవాలి. అందుకు కావాల్సిన సామాను ఎక్సైజ్ శాఖ దగ్గర లేనిదేమీ కాదు. ఇంటి వాడకానికి ఏడాదికి ఇంత అని హద్దు పెట్టి, ఆ లోపల ఉన్నవాళ్ల జోలికి పోకూడదు. సంతలో అమ్మనివ్వాలా వద్దా, అమ్మితే చిక్కటిదా పలచటిదేనా అన్నది ఆడవాళ్లు సగం మందైనా కూర్చున్న గ్రామసభ చెప్పాలి. వద్దంటే వద్దు. సరే అంటే ఆ సంతలో కల్తీ లేకుండా చూసే బాధ్యత అధికారులది. సరిహద్దుకి రెండు వైపులా ఉన్న జిల్లాల కలెక్టర్లు ఈ విషయంలో ఒకే మాట మీదుండాలి. వాగు దాటగానే ఇంటి పానీయం నేరం కాకూడదు. ఆ నిబంధనలేమిటో ఒడియాలోనూ తెలుగులోనూ సంత దగ్గర బోర్డు రాయించాలి.

సరిహద్దు ఊళ్లలో తరాలుగా ఉన్న తెలుగువాళ్లకీ ఇందులో పని ఉంది. చోళ్లు కొనేది వాళ్లే, సంతలో కొట్లు పెట్టేది వాళ్లే, బెల్లం అమ్మేదీ వాళ్లలో కొందరే. కొండ మీద కుండను చూసి మొహం చిట్లించే ముందు తమ గోడౌన్‌లో మూటలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. పంచాయతీల్లో, వర్తక సంఘాల్లో మాట చెల్లే చోట నల్లబెల్లం గురించి కూడా నోరు విప్పాలి.

సారా మీద యుద్ధం చేయాల్సిందే. అది బట్టీ మీద జరగాలి, బెల్లం లారీ మీద జరగాలి, మిథనాల్ డ్రమ్ము మీద జరగాలి. ఒకే గింజను రెండుసార్లు కడిగి, చిక్కటిది దేవుడికీ చుట్టానికీ ఉంచి, పలచటిదాంతో పొద్దు గడుపుకునే ఇంటి మీద కాదు. చిక్కటిదేదో పలచటిదేదో కొలవడం రాని చట్టానికి ఆ కుండ పగలగొట్టే హక్కు లేదు.